కనుబొమ్మలు లేని సారు

వైవా రోజు నా డ్యూటీ ఫోన్లు కాయడం.
ఒక స్టీలు ట్రే, చిట్టీల కట్ట,
ల్యాబు తలుపు బయట స్టూలు,
దాని నాలుగో కాలు కింద ఇటుక పెళ్ల.
హంటర్ రోడ్డు మీద బస్సుల మోత.
లోపల ఆకుపచ్చ గుడ్డ పరిచిన బల్ల,
బల్ల ఎనక కరీంనగర్ నుంచి వచ్చిన ఎక్స్‌టర్నల్ సారు.

ఇరవై రెండేండ్ల సంది చూస్తున్న.
ఈ గడప కాడ ఎంత చదివినోళ్లకైనా
నాలిక చింతపండు తొక్క అయితది.
ఒక పిల్లగాడు బాత్‌రూంల అరగంట.
ఒకడు మెట్ల మీద కండ్లు మూసుకొని దండకం.
పోయినేడు ఒక పిల్ల
తన హాల్‌టికెట్ నంబరు నన్నడిగింది.

జర్పుల కౌసల్య, నర్సంపేట అవతలి తండా,
ఫోను నా చేతుల పెట్టింది.
పగిలిన అద్దం మీద నల్లగ రెండు గీతలు,
ఏటవాలుగ, ఎవల మీదనో గుర్రుమన్నట్టు.
"ఏందమ్మా, మసా?"
"కాటుక, కొమ్మాలన్నా. కనుబొమ్మలు."

నెల రోజులు, రాత్రిపూట,
హాస్టలు మిద్దె మీద, నీళ్ల ట్యాంకు పక్క
ఫోన్ల ఉండే గొంతుకు జవాబులు చెప్పిందట.
అది అడుగుతదట. అడిగి ఆగుతదట.
గడియారం దిక్కు చూడదట.
ఇంట్ల లంబాడీ, బడిల తెలుగు, ఇక్కడ ఇంగ్లీషు,
మూడు గడపలు దాటి వచ్చే మాట
ఏడ కాలు తట్టుకున్నా
"పర్లేదు, మెల్లగ చెప్పండి" అంటదట.
ముందుగాల పానం తేలికైంది.
ఆ తర్వాతనే భయమైంది:
గింత మంచిగ అడిగే సారు లోకంల ఏడుంటడు?
"జర కోప్పడు" అన్నదట.
కోప్పడ్డదట కూడ,
కొత్త కోడలు అత్తను తిట్టినట్టు, మెత్తగ.

"ప్రశ్నకు గాదన్నా మేం భయపడేది.
మేం చెప్పేటప్పుడు పైకి లేస్తది చూడు,
గా కనుబొమ్మకు."
అందుకని గీసింది.
గీసి, దాని ముంగట కూసొని
ఒక్క మాటనే మస్తు సార్లు నేర్చుకుందట.
ఏ మాటనో చెప్పేలోపు
లోపల్నుంచి పేరు పిలిచిన్రు.

రాత్రంత అడిగినోడు ఇప్పుడు నా ట్రేల,
నోరు మూసుకొని, ఇరవయ్యారో చిట్టీ కింద.

నాకు పంతొమ్మిదేండ్లప్పుడు మిల్లుల ఇంటర్వ్యూ.
పేరడిగితే నాయిన పేరు చెప్పిన.
నాయిన పేరడిగితే నవ్వొచ్చింది, ఆగలే.
ఎవ్వలూ మళ్లీ చెప్పమనలే.
తలుపు చూపించిన్రు.

పదకొండున్నరకు కరెంటు పోయింది.
చాయ్ పట్టుకొని లోపలికి పోయిన.
సారు నుదురంత చెమట.
దగ్గర్నుంచి చూస్తే
ఎడమ కనుబొమ్మ కొసల ఒక నల్ల చుక్క
ఆగి, ఊగి, చెంప మీదికి జారింది.
రంగు. నెత్తికి ఏసిందే.
ఆయనదీ గీసుకున్నదేనన్న మాట.
కౌసల్య కూడ చూసింది. నవ్వలే.

ఏదో మందు పేరు చెప్పి, మోతాదు అడిగిండు సారు.
ఫ్యాను లేని గదిల
కప్పు సాసరుకు తాకితే గంట కొట్టినట్టైంది.
ఆమె తల ఎత్తింది.
"తెలవదు సార్."
తెలుగులనే.
"అది ఏ రోగానికిస్తరో తెలుసు. అది చెప్తా."
గొంతు వణకలే.
మిద్దె మీద నెల రోజులు
ఏ మాటకు సాము చేసిందో అప్పుడు ఎరుకైంది నాకు.

సారు జేబురుమాలు తీసి తుడుసుకుండు.
సగం కనుబొమ్మ రుమాలుకు పోయింది.
"చెప్పమ్మా" అన్నడు.

మార్కులు ఎన్నేసిండో నాకు తెల్వదు.
చిట్టీ చింపి ఫోను ఇచ్చిన.
ఆమె గీతలు తుడ్వకుండనే
సంచిల ఏసుకొని పోయింది, బస్సుకు టైమైందని.
నా బొటనేలికి కొంచెం కాటుక అంటింది.

పొద్దుగూకినంక బల్ల గుడ్డ మడిచిన.
తాళం ఏసే ముందట
ఖాళీ కుర్సీ ముంగట జర సేపు నిలబడ్డ.
చింతల కొమ్మాలు అన్న, పెద్దగనే.
గది తొందర పెట్టలే.
నాయిన పేరు కూడ చెప్పిన,
ఆ తర్వాత, వేరేగ.